చెన్నైలో ఉండి ఆంధ్ర రాజకీయ, సామాజిక చరిత్ర మీద పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

చరిత్రలో పీహెచ్‌డీ చేద్దామనుకునే చెన్నై తెలుగు విద్యార్థులు ఏటా దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. జవాబులన్నీ ఒకచోట ఉంటే మేలని ఇక్కడ చేర్చాం. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఎక్కడినుంచైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు, ఫెలోషిప్ మొత్తాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేముందు ఆ ఏటి నోటిఫికేషన్ తప్పకుండా చూసుకోండి.

## దిగేముందు

ఆంధ్ర చరిత్ర చదవాలంటే హైదరాబాదో విశాఖో వెళ్లాలి గానీ, చెన్నైలో ఏముంది?

చాలా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ జిల్లాల గురించి ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలన్నీ ఫోర్ట్ సెయింట్ జార్జి సచివాలయంలోనే జరిగాయి. ఆ సచివాలయ దస్త్రాలు ఇప్పటికీ ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 'ఆంధ్రపత్రిక' 1914 నుంచి దినపత్రికగా వెలువడింది ఈ ఊళ్లోనే. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒప్పందం 1937 నవంబరు 16న కుదిరింది కాశీనాథుని నాగేశ్వరరావు గారి మద్రాసు ఇంట్లో. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చున్నది మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో. టీ నగర్ పేరులోని త్యాగరాయ చెట్టి, పానగల్ పార్కు పేరులోని పానగల్ రాజా, ఇద్దరూ బ్రాహ్మణేతరుల పక్షమైన జస్టిస్ పార్టీని నడిపిన తెలుగువాళ్లు. తెలుగు, ఇంగ్లీషు రెండూ చదవగలిగి, వారానికి మూడు రోజులు ఎగ్మూరు వెళ్లగలిగిన విద్యార్థికి ఉన్న వీలు ఇంకెక్కడా దొరకదు. ఆ దస్త్రాలను తెలుగు మూలాలతో కలిపి చదివేవాళ్లు తక్కువగా ఉన్నారు. ఈ కొరత తీరాలన్నది మా గట్టి కోరిక.

నేను బీకాం చదివాను. చరిత్రలోకి రావచ్చా?

రావచ్చు. ఎంఏ చరిత్రకు చాలా విశ్వవిద్యాలయాలు ఏ డిగ్రీవాళ్లనైనా తీసుకుంటాయి. కొన్ని మాత్రం డిగ్రీలో చరిత్ర ఒక సబ్జెక్టుగా ఉండాలంటాయి కాబట్టి ప్రాస్పెక్టస్‌లో అర్హత వాక్యం చూడండి. కామర్స్, ఎకనామిక్స్ వాళ్లకు శిస్తు లెక్కలు, జిల్లా బోర్డు బడ్జెట్లు, సహకార సంఘాల నివేదికలు సులువుగా అర్థమవుతాయి. వాళ్లకు లేనిది చదివే అలవాటు. ఎంఏ మొదటి ఏడాదిలోనే వారానికి ఒక పుస్తకం చొప్పున చదివి, రచయిత వాదన ఏమిటో, దేని ఆధారంగా చేశాడో ఒక పేజీ రాసుకుంటే ఆ లోటు తీరుతుంది.

చెన్నైలో ఎక్కడ చేరాలి?

మద్రాసు విశ్వవిద్యాలయంలో భారత చరిత్ర శాఖ ఉంది. ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ లాంటి పాత కాలేజీల్లోనూ చరిత్ర శాఖలున్నాయి. ఐఐటీ మద్రాసు మానవీయ, సామాజిక శాస్త్రాల శాఖలో పీహెచ్‌డీకి చరిత్ర అంశాలు తీసుకుంటారు. అడయారులోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1971లో మొదలైంది. అభివృద్ధి, కులం, శ్రామికుల మీద పనిచేసేవాళ్లకు అక్కడి గ్రంథాలయం బాగా ఉపయోగపడుతుంది. సంస్థ పేరు కన్నా మీ కాలం మీద, మీ ప్రాంతం మీద పనిచేసిన గైడ్ ఉన్నారా లేదా అన్నదే ముఖ్యం. అలాంటి గైడ్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంటే అక్కడ చేరి, దస్త్రాల కోసం నెలలు నెలలుగా చెన్నైకి రావడమూ మంచి దారే.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో థీసిస్ రాయగలనా?

రాయగలరు, కాకపోతే సాధన ముందే మొదలుపెట్టాలి. రోజూ ఒక పాత తెలుగు సంపాదకీయం తీసుకుని దాని సారాన్ని 150 మాటల ఇంగ్లీషులో రాయండి. ఆరు నెలల్లో తేడా కనిపిస్తుంది. ఇదే పని థీసిస్‌లోనూ రోజూ చేయాల్సి వస్తుంది కాబట్టి ఇది వృథా పోదు. తెలుగు శాఖల ద్వారా తెలుగులోనే థీసిస్ సమర్పించే వీలుంది గానీ, అప్పుడు డిగ్రీ చరిత్రలో కాక తెలుగు సబ్జెక్టులో వస్తుంది. రేపు చరిత్ర లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు చేసేటప్పుడు అది అడ్డుపడవచ్చు.

మొత్తం ఎన్నేళ్లు పడుతుంది? ఇంట్లో చెప్పాలి.

ఎంఏకి రెండేళ్లు, నెట్‌కు (లెక్చరర్ అర్హతకు, పీహెచ్‌డీ ప్రవేశానికి జరిగే జాతీయ పరీక్ష) సిద్ధం కావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన రెండేళ్ల దాకా పొడిగింపు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు అదనం. చరిత్రలో మూడేళ్లకు ముగించడం అరుదు, ఎందుకంటే దస్త్రాలు వెతకడానికే ఏడాదిన్నర పోతుంది. డిగ్రీ అయ్యాక ఏడెనిమిదేళ్లని ఇంట్లో ముందే చెప్పండి. మూడేళ్లని చెప్పి తర్వాత పొడిగించుకుంటూ పోతే మీకూ వాళ్లకూ కష్టం.

## నెట్, అడ్మిషన్, గైడ్

నెట్ పరీక్ష ఎలా ఉంటుంది?

ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు సైకిళ్ల పేరుతో జరుగుతుంది. చరిత్ర సబ్జెక్టు కోడ్ 06. మొదటి పేపరులో 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండో పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెండూ కలిపి మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఒక్కటీ వదలకండి. చరిత్ర పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది.

మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ప్రాచీన, మధ్యయుగ ఉత్తర భారత చరిత్రలో. ఆధునిక ఆంధ్ర మీద ఎంత పట్టున్నా పేపరులో దాని వాటా చిన్నది. చరిత్ర రచనా పద్ధతుల యూనిట్‌ను చాలామంది చివరికి వదిలేస్తారు. నిజానికి పరిశోధనకు పనికొచ్చేది అదే, మార్కులు తెచ్చేదీ అదే.

నెట్ రాస్తే పీహెచ్‌డీ సీటు వచ్చేసినట్టేనా?

కాదు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాన్ని మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్‌తో (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండు, మూడు వర్గాల వాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ స్కోరు ఏడాది వరకే చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, పైగా ఇంటి అద్దె భత్యం. జేఆర్‌ఎఫ్ రానివాళ్లు భారత చరిత్ర పరిశోధన మండలి, భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఇచ్చే డాక్టరల్ ఫెలోషిప్పులకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి? ముందే కలవొచ్చా?

కలవొచ్చు, కలవాలి కూడా. ఆయన లేదా ఆమె రాసిన రెండు వ్యాసాలు చదివి, మీ అంశాన్ని ఒక పేజీలో రాసి ఈమెయిల్ చేయండి. ఖాళీలు ఉన్నాయా అని మర్యాదగా అడగండి: ఒకేసారి ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 గురికి మాత్రమే గైడ్‌గా ఉండగలరు. పదవీ విరమణకు మూడేళ్ల కన్నా తక్కువ ఉన్నవాళ్లు కొత్త విద్యార్థిని తీసుకోకూడదు. ఈ రెండో నియమం తెలియక ఒక ఏడాదంతా ఎదురుచూసేవాళ్లున్నారు.

ఆ గైడ్ దగ్గర చేసినవాళ్లు ఎన్నేళ్లకు సమర్పించారో శోధ్‌గంగలో (మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైటు) తేదీలు చూస్తే కొంత తెలుస్తుంది. పాత విద్యార్థులతో ఓ అరగంట మాట్లాడితే మిగతాది తెలుస్తుంది. గైడ్‌కు తెలుగు రాకపోవడం పెద్ద సమస్య కాదు. డ్రాఫ్టు చదవడానికి తీరిక లేకపోతేనే సమస్య.

## అంశం

'మద్రాసు రాష్ట్రంలో తెలుగువారి రాజకీయ చైతన్యం' అని పెట్టుకున్నాను. ఇంటర్వ్యూలో పెద్దదన్నారు. ఎలా తగ్గించాలి?

ఆ శీర్షికలో ప్రశ్న లేదు. 'చైతన్యం' ఏ కాగితంలో దొరుకుతుంది? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? అంశాన్ని తగ్గించడానికి మూడు హద్దులు పెట్టుకోండి: ఒక చోటు, ఒక సంస్థ, సహజంగా మొదలై ముగిసే ఒక కాలం.

ఉదాహరణకు గుంటూరు జిల్లాలో తాలూకా బోర్డుల సభ్యత్వాలు తీసుకోండి. 1920లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది, 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. కాలం దానంతటదే తేలింది. అప్పట్లో కొందరు సభ్యులు ఎన్నికయ్యేవాళ్లు, కొందరిని ప్రభుత్వం నామినేట్ చేసేది. స్థానిక పాలన మంత్రి చేతిలో ఉన్న శాఖ కాబట్టి జస్టిస్ పార్టీకి నామినేషన్లు బలమైన పనిముట్టు. ఇప్పుడు ప్రశ్న పుడుతుంది: ఏ కులాల వాళ్లు ఎన్నికై వచ్చారు, ఎవరు నామినేషన్ మీద వచ్చారు, పదేళ్లలో ఈ రెండు జాబితాలు దగ్గరయ్యాయా, దూరమయ్యాయా? దీనికి గెజిట్‌లో పేర్లున్నాయి, స్థానిక పాలన శాఖ జీవోలలో సిఫారసులున్నాయి, 'ఆంధ్రపత్రిక'లో ఫిర్యాదులున్నాయి. మూడు రకాల ఆధారాలు ఒకదాన్నొకటి సరిచూస్తాయి. ఇది నాలుగేళ్లలో పూర్తవుతుంది.

ఇదే పద్ధతిలో జమీందారీ రైతుల మీద పనిచేసేవాళ్లకు 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం నుంచి 1948 రద్దు చట్టం దాకా ఒక కాలం దొరుకుతుంది. 1938లో ప్రకాశం గారి అధ్యక్షతన వచ్చిన కమిటీ నివేదికకు జతగా సాక్ష్యాల సంపుటాలున్నాయి. రైతులు ఏం చెప్పుకున్నారో వాటిలో తెలుస్తుంది.

నా అంశం మీద ఎవరో ముందే పీహెచ్‌డీ చేసేశారు. మార్చాలా?

వెంటనే మార్చకండి. ఆ థీసిస్ తెరిచి ఆధారాల పట్టిక చూడండి. వాళ్లు ఇంగ్లీషు ప్రభుత్వ నివేదికల మీదే ఆధారపడి ఉంటే తెలుగు పత్రికలు, అర్జీలు, కుల సంఘాల మహాసభల నివేదికలు మీ కోసం మిగిలే ఉన్నాయి. అవే ఆధారాలతో అదే ప్రశ్న అడిగి ఉంటే మాత్రం జిల్లానో కాలాన్నో మార్చుకోవాలి.

సొంత కులం మీద పరిశోధన చేయొచ్చా?

చేయొచ్చు. లోపలి మాటలు, ఇంటిపేర్లు, పెళ్లి సంబంధాలు బయటివాళ్ల కన్నా మీకు బాగా తెలుస్తాయి. ప్రమాదం రెండు చోట్ల ఉంది. కుల సంఘం అచ్చువేసిన చరిత్రను ఆధారంగా తీసుకోకండి. అది ఎప్పుడు, ఎవరు, ఏ కోరిక కోసం రాశారన్నది మీ పరిశోధనలో ఒక భాగం. రెండోది, మీ కులం చేతిలో నష్టపోయినవాళ్ల ఆధారాలు కూడా వెతకాలి. దళితులు జరుపుకున్న ఆది ఆంధ్ర మహాసభల తీర్మానాలు చదవకుండా ఆ కాలపు రైతు ఉద్యమం గురించి రాస్తే సగం ఊరే రాసినట్టు.

కులాల జనాభా లెక్కలకు 1931 సెన్సస్ చివరి ఆధారం. 1941లో కులాల పట్టికలు వేయలేదు. 1931 అంకెలు వాడేటప్పుడు జిల్లా హద్దులు అప్పటివని గుర్తుంచుకోండి.

## దస్త్రాల గదిలో

ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు మొదటిసారి వెళ్తున్నాను. ఏం తీసుకెళ్లాలి?

గైడ్ లేదా శాఖాధిపతి నుంచి లెటర్‌హెడ్ మీద ఉత్తరం, అందులో మీ అంశం, కావాల్సిన కాలం, శాఖల పేర్లు స్పష్టంగా ఉండాలి. ఫొటోలు, గుర్తింపు కార్డు, వాటి నకళ్లు. ఉత్తరంలో '1920 నుంచి 1934' అని రాసి మీరు 1936 ఫైలు అడిగితే మళ్లీ ఉత్తరం తెమ్మనవచ్చు, కాబట్టి అటూ ఇటూ అయిదేళ్లు కలిపి రాయించుకోండి. అనుమతి రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ముందే పోస్టులో పంపి కనుక్కోవడం మంచిది. ప్రభుత్వ పని దినాల్లోనే తెరుస్తారు. ఎగ్మూరు స్టేషన్‌కు దగ్గరే, నడిచి వెళ్లవచ్చు.

పెన్సిలు, నోటుపుస్తకం, భూతద్దం, మాస్కు పెట్టుకోండి. పాత కాగితం దుమ్ము గొంతు పట్టేస్తుంది. ఫోన్‌తో ఫొటో తీయడం గురించి అక్కడి అధికారిని అడగకుండా ఏమీ చేయకండి.

జీవో నంబరు రాసిచ్చినా 'దొరకలేదు' అని స్లిప్పు వెనక్కి వస్తోంది. ఎందుకు?

చాలాసార్లు ఫైలు ఉంటుంది, చిరునామా తప్పు. ప్రతి శాఖా ప్రతి ఏడాదీ జనవరిలో ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టేది. అంటే 1921లో 613 నంబరు జీవో పబ్లిక్ శాఖలో ఒకటి, రెవెన్యూలో ఒకటి, లా శాఖలో ఒకటి ఉండవచ్చు. ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరుల వాటాకు సంబంధించి చరిత్ర పుస్తకాల్లో కనిపించే 613 పబ్లిక్ శాఖది, 1921 సెప్టెంబరు 16 నాటిది. ఫైలు కోరుతూ ఇచ్చే ఇండెంట్ స్లిప్పు మీద శాఖ, నంబరు, పూర్తి తేదీ మూడూ ఉండాలి. నంబరు పక్కన ఎం.ఎస్., మిస్ లాంటి గుర్తుంటే అదీ రాయాలి, అవి వేర్వేరు వరుసలు.

రెండో కారణం శాఖల పేర్లు మారడం. స్థానిక సంస్థల ఫైళ్లు మొదట లోకల్ అండ్ మునిసిపల్ కింద, 1920ల్లో లోకల్ సెల్ఫ్ గవర్నమెంట్ కింద ఉంటాయి. పాత పేరుతో కొత్త ఏడాది ఫైలు అడిగితే దొరకదు. మూడో కారణం, ఫైలు తర్వాతి ఏడాది ఫైలులో కలిపి ఉండటం. ఇండెక్స్ సంపుటంలో ఆ ఊరి పేరు, ఆ మనిషి పేరు, ఆ విషయం మూడు చోట్లా వెతకండి. ఊళ్ల పేర్ల స్పెల్లింగు అప్పటిది: విశాఖ 'విజగపటం', కాకినాడ 'కోకనాడ', విజయవాడ 'బెజవాడ'.

స్లిప్పులు ఉదయాన్నే ఇవ్వండి. ఒక ఫైలు రాకపోతే రోజంతా ఖాళీగా కూర్చోకుండా వేర్వేరు శాఖలవి కలిపి అడగండి.

ఫైలు చేతికొచ్చింది. ఏది ముందు చదవాలి?

పైన అచ్చులో ఉన్న ఉత్తర్వు అందరూ చదువుతారు. చరిత్ర కింద ఉంటుంది. ఫైలును వెనక నుంచి చదవడం అలవాటు చేసుకోండి: అడుగున అర్జీ, దానిమీద తహసీల్దారు నివేదిక, ఆపైన కలెక్టరు ఉత్తరం, ఆ తర్వాత సచివాలయంలో గుమాస్తా నోట్, దానిమీద కార్యదర్శి, మంత్రి రాసిన రెండు మూడు వాక్యాలు, చివరికి ఉత్తర్వు. ఊరివాళ్లు అడిగినదానికీ ఉత్తర్వులో మిగిలినదానికీ మధ్య ఎక్కడ ఏం పోయిందో పక్కపక్కన రాసుకోండి.

తెలుగు అర్జీ ఉంటే అదృష్టం. దాని ఇంగ్లీషు సారం కూడా ఫైలులో ఉంటుంది, ఆ రెండూ ఒకటి కావు. అర్జీలో 'మా మాలపల్లెకు నీళ్ల బావి లేదు, ఊరి బావి దగ్గరికి రానివ్వరు' అని ఉంటే, సారంలో 'తాగునీటి సదుపాయం కోరుతున్నారు' అని మాత్రమే మిగలవచ్చు. ఊరి బావి దగ్గర అడ్డుకోవడమన్న మాటే మాయం. ఇంగ్లీషు మాత్రమే చదివే పరిశోధకుడికి ఇది ఒక నీటి సదుపాయం ఫైలు. మీకు అంటరానితనం ఫైలు. సంతకాలు, వేలిముద్రలు కూడా లెక్కపెట్టండి: ఎంతమంది సంతకం పెట్టగలిగారు, ఇంటిపేర్లు ఏమిటి, రాసినవాడి దస్తూరి ఒక్కటేనా? అర్జీ ఎవరు రాయించారో దాంతో అర్థమవుతుంది.

పాత తెలుగు పత్రికలు ఎక్కడ దొరుకుతాయి?

ఎగ్మూరులోనే ఉన్న కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరిచారు. దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చట్టప్రకారం చేరే నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి. తెలుగు పుస్తకాలు, పత్రికలు ఇక్కడ అడగండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను డిజిటల్ చేసింది. వేటపాలెం సారస్వత నికేతనంలో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత సంచికలు ఉన్నాయి. మహిళల చరిత్రకు 1928లో కేసరి గారు మద్రాసులో మొదలుపెట్టిన 'గృహలక్ష్మి' తప్పక చూడాలి.

ప్రభుత్వం అనువదింపజేసిన 'నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్ట్స్' చదివేసి పత్రికలు చదివామనుకోకండి. ప్రభుత్వానికి గుబులు పుట్టించిన వార్తలనే ఆ అనువాదకులు ఏరుకున్నారు. పెళ్లిళ్లు, కుల సభలు, పుస్తక సమీక్షలు, ప్రకటనలు అందులో ఉండవు. సామాజిక మార్పు కనిపించేది వాటిలోనే.

తమిళం రాకపోతే కుదరదా?

ఆంధ్ర జిల్లాల మీద అయితే కుదురుతుంది. మద్రాసు నగరం మీద, జస్టిస్ పార్టీ మీద, ద్రావిడ ఉద్యమంతో పోలిక మీద పనిచేస్తే తమిళం చదవడం రావాలి. జస్టిస్ పార్టీ ఇంగ్లీషులో 'జస్టిస్', తమిళంలో 'ద్రావిడన్', తెలుగులో 'ఆంధ్ర ప్రకాశిక' నడిపింది. ఒకే సంఘటన మీద మూడూ ఏం రాశాయో పోల్చగలిగినవాళ్లు చాలా తక్కువ. తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయంలో తమిళ పత్రికలు, కరపత్రాలు విస్తారంగా ఉన్నాయి. చెన్నైలో పుట్టిపెరిగిన తెలుగువాళ్లకు మాట ఎలాగూ వచ్చు, మూడు నాలుగు నెలలు శ్రద్ధగా అచ్చు చదివితే చాలు.

ఇక్కడ లేనివాటికి ఎక్కడికి వెళ్లాలి?

ఆంధ్ర జిల్లాల కలెక్టరేట్ దస్త్రాలకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. పోలీసు నిఘా, పక్షానికోసారి ఢిల్లీకి వెళ్లిన రాజకీయ నివేదికలకు జాతీయ ఆర్కైవ్స్‌లోని హోం పొలిటికల్ ఫైళ్లు. వీటిలో చాలా భాగం 'అభిలేఖ్ పటల్' వెబ్‌సైటులో ఇంటినుంచే చదవొచ్చు, ఢిల్లీ టికెట్ కొనేముందు అది చూడండి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులున్నాయి. ఎగ్మూరులో శిథిలమైన ప్రొసీడింగ్స్ అక్కడ బాగున్న సందర్భాలుంటాయి. ఆ ప్రయాణానికి చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ స్వల్పకాలిక గ్రాంట్లు ఇస్తుంది.

చెన్నై తెలుగు శ్రామికుల మీద పనిచేస్తున్నాను. దస్త్రాల్లో వాళ్ల గొంతు లేదు. ఏం చేయాలి?

మాట్లాడించి రికార్డు చేయాలి. నగర పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏ జిల్లా నుంచి ఎప్పుడు, ఎవరి వెంట వచ్చారన్నది ఇళ్లలోనే దొరుకుతుంది. 'మీరు ఏ సంవత్సరం వచ్చారు' అంటే జవాబు సరిగా రాదు. 'డీఎంకే గెలిచిన ఎన్నికలకు ముందా తర్వాతా', 'ఎంజీఆర్ పోయినప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు' అని అడగండి. మొదటిది 1967, రెండోది 1987 డిసెంబరు, తేదీ మీకు దొరుకుతుంది. అవ్వ, పెద్దమ్మ, అన్న అని వరసపెట్టి పిలిస్తే మాట సాగుతుంది. అంతమాత్రాన అనుమతి తీసుకోవడం మానకూడదు. ఎందుకు రికార్డు చేస్తున్నారో, పేరు వాడతారో లేదో తెలుగులో చెప్పి, ఒప్పుకున్నారని రికార్డులోనే వినిపించేలా చూసుకోండి. కాంట్రాక్టు ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేర్లు మార్చి రాయండి, పని పోయే ప్రమాదం నిజమైనది. అదే రాత్రి రెండో చోట కాపీ పెట్టుకోండి.

నోట్సు ఎలా రాసుకోవాలి?

ఒక ఫైలుకు ఒక పత్రం. పైన ఆర్కైవ్ పేరు, శాఖ, నంబరు, తేదీ, పేజీ. కింద మూలంలోని మాటలు కొటేషన్ గుర్తుల్లో, మీ సొంత ఆలోచనలు వేరే రంగులో. ఈ రెండూ కలిసిపోతే మూడేళ్ల తర్వాత ఏది గుమాస్తా మాటో ఏది మీ మాటో తెలియదు. అప్పుడు మళ్లీ ఎగ్మూరు వెళ్లి అదే ఫైలు అడగాలి, అది మరమ్మతుకు వెళ్లి ఉండవచ్చు.

## రాయడం, సమర్పించడం

ఎంత శాతం దాకా కాపీ ఉండొచ్చు?

2018 యూజీసీ నిబంధనల్లో పోలిక 10 శాతం దాకా ఉంటే చర్య లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. తెలుగు పుస్తకంలోని పేరాలను ఇంగ్లీషు చేసి పేరు చెప్పకుండా పెడితే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. వైవాకు (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకు) వచ్చే పరీక్షకులు పట్టుకుంటారు, తెలుగు చరిత్రలో అందరికీ అందరి రాతలూ తెలుసు.

థీసిస్ ఇచ్చేముందు వ్యాసం అచ్చు కావాలా?

2022 యూజీసీ నిబంధనల్లో తప్పనిసరి కాదు, కానీ చాలా విశ్వవిద్యాలయాలు సొంతంగా అడుగుతున్నాయి. మీ దగ్గరి ఆర్డినెన్సు చూడండి. వారంలో అచ్చువేస్తామని డబ్బు అడిగే పత్రికల జోలికి వెళ్లకండి. ఇంటర్వ్యూల్లో అలాంటి వ్యాసం ఉండటం కన్నా లేకపోవడమే నయం. మంచి పత్రికలో సమీక్షకే ఎనిమిది నెలలు, ఏడాది పడుతుంది కాబట్టి మూడో ఏడాదిలోనే ఒక అధ్యాయాన్ని వ్యాసంగా పంపండి. 1935 నుంచి జరుగుతున్న ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్‌లో ముందు చదివి వినిపిస్తే లోపాలు బయటపడతాయి.

తెలుగులో రాస్తే లెక్కలోకి వస్తుందా?

పదోన్నతి పాయింట్లలో తక్కువే. అయినా రాయాలి. మీరు రాస్తున్నది ఆ ఊళ్ల గురించి, ఆ కులాల గురించి, వాళ్లు చదివేది తెలుగులో. పైగా తప్పులు దిద్దేవాళ్లు అక్కడే ఉన్నారు: పలానా ఇంటిపేరు ఆ ఊరిది కాదని, పలానా సభ జరిగింది సత్రంలో కాదని ఉత్తరాలు వస్తాయి.

## ఉద్యోగం

పీహెచ్‌డీ లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చా?

కావచ్చు. 2023 జూలై సవరణతో నెట్, రాష్ట్ర స్థాయిలో జరిగే సెట్, స్లెట్‌లలో ఏదో ఒకటి కనీస అర్హత. యూజీసీ స్కేలులో మొదటి మూల వేతనం 57,700 రూపాయలు. కాకపోతే పోటీలో పీహెచ్‌డీ, అచ్చయిన వ్యాసాలు ఉన్నవాళ్లే ముందుంటారు. సెట్ ఏ రాష్ట్రంలో రాస్తే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది: చెన్నైలో ఉండి ఏపీసెట్ రాసినవాళ్లు తమిళనాడు పోస్టులకు అర్హులు కారు. నెట్ దేశమంతా చెల్లుతుంది.

తెలుగు విద్యార్థికి తమిళనాడు ప్రభుత్వ కాలేజీలో ఉద్యోగం వస్తుందా?

నియామకాలు టీచర్స్ రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా జరుగుతాయి. తమిళ అర్హత గురించి నోటిఫికేషన్‌లో ఉన్న షరతును ముందు చదవండి. పదో తరగతిలో తమిళం చదవనివాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. ప్రైవేటు, మైనారిటీ కాలేజీల సెల్ఫ్ ఫైనాన్స్ విభాగాల్లో ఆ అడ్డు తక్కువ, జీతమూ తక్కువే. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాలకూ దరఖాస్తు చేస్తూ ఉండండి.

పాఠాలు చెప్పడం కాక ఇంకేం పనులున్నాయి?

ఆర్కైవ్స్, మ్యూజియం, గ్రంథాలయాల డిజిటల్ ప్రాజెక్టులు, పత్రికల్లో పరిశోధన విభాగం, ప్రచురణ సంస్థల్లో సంపాదకత్వం, పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు అసోసియేట్ పోస్టులు. తెలుగు దస్తూరి, పాత అచ్చు చదవగలిగి, ఇంగ్లీషులో కేటలాగు రాయగలిగిన మనిషి కోసం డిజిటల్ ప్రాజెక్టులు వెతుక్కుంటాయి. కొట్టూరుపురం అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్న తెలుగు రాతప్రతులను చదవడం పీహెచ్‌డీ రోజుల్లోనే నేర్చుకోండి, ఆ నైపుణ్యం జీతం తెచ్చిపెడుతుంది.

థీసిస్ అయిపోయింది. పుస్తకంగా ఎప్పుడు తేవాలి?

వైవా అయిన మర్నాడే పంపకండి. పరీక్షకుల నివేదికలు తీసుకుని, సాహిత్య సమీక్ష అధ్యాయాన్ని తీసేసి, మిగతాదాన్ని మూడో వంతు తగ్గించండి. ప్రచురణకర్తకు మొత్తం ప్రతి కాక పది పేజీల ప్రతిపాదన, ఒక పూర్తి అధ్యాయం పంపాలి. థీసిస్ శోధ్‌గంగలో ఉంటుంది కాబట్టి పుస్తకం దానికన్నా ఎంత మారిందో ప్రతిపాదనలోనే చెప్పండి. తెలుగు ప్రతి కూడా తేవాలనుకుంటే తెలుగు హక్కులు మీ దగ్గరే ఉంచుకుంటూ ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి. సంతకం అయ్యాక అడిగితే చాలామంది ఒప్పుకోరు.